సాసులోకి మీగడ వచ్చిన శుక్రవారం

పోర్ట్ సిప్రే,
తపస్సుకాలం రెండో శనివారం

చిట్టితల్లి నోయెమీకి,

ముందు తప్పు దిద్దుతాను, ముద్దులు తర్వాత. ముప్పై నాలుగేళ్ళు బడిలో ఈ వరసే నడిపాను, ఎనభై ఒకటో ఏట మార్చుకోలేను. నీ హోటలు మెనూ కార్డు నమూనా అందింది. కాగితం బాగుంది, అక్షరాలు బాగున్నాయి. మొదటి వరుసే తప్పు. "మా అమ్మమ్మ ఇంటి నూరేళ్ళ మీగడ సాసుతో, ఇనప పెనం మీద వేయించిన ఎర్రచేప" అని వేయించావు. ఆ మీగడ వయసు నూరేళ్ళు కాదు, సరిగ్గా రెండేళ్ళు. అది కూడా వంటకి తెచ్చింది కాదు, కాఫీలోకి తెచ్చింది.

మా అమ్మ చేసే సాసులో మీగడ లేదు. వాళ్ళమ్మ సాసులోనూ లేదు. ఇక మీ తాతయ్య తల్లి ఫిలోమీన్, అంటే మా అత్తగారు, తన కళ్ళముందు ఎవరైనా టమాటా సాసులో మీగడ పోస్తే గిన్నెని బయూ కాలవలోకి విసిరి, పోసినవాళ్ళని దాని వెనకే పంపేది. వెన్నలో పిండి ఎర్రగా వేగడం, ఉల్లి, సెలెరీ, కాప్సికం మెత్తబడడం, టమాటాలు, థైమ్, బే ఆకు, ఎర్ర కారం. ఆవిడకి తెలిసిన సాసు అంతే.

మరి మీగడ ఎలా వచ్చిందో చెబుతాను. ఇందులో సగం నీకు తెలుసు. కానీ ఆ మెనూ చూశాక నీకేం తెలుసో నాకు అనుమానం పుట్టింది, అందుకే మొదటినుంచీ చెబుతున్నాను.

ఈస్టరుకి ముందు నలభై రోజుల తపస్సుకాలంలో, మాంసం ముట్టని ప్రతి శుక్రవారం మన చర్చి హాల్లో ఊరందరికీ చేప భోజనం ఉంటుంది కదా. ఆ వంటగదిని ముప్పై ఏళ్ళు మా అత్తగారు నడిపింది, ఆ తర్వాత ఇరవై ఆరేళ్ళుగా నేను నడుపుతున్నాను. ఆవిడ పెట్టిన నియమం ఒకటుంది. ఆఖరి పళ్ళెం వడ్డించేదాకా వంటగదిలో ఉన్న ఏ ఆడదీ నోట్లో ఏమీ వేసుకోకూడదు. మంచినీళ్ళు తప్ప. ఉప్పు చూడడానికని చెంచాడు సాసు కూడా నాలిక మీద పెట్టకూడదు. ఆకలితో వండితేనే అది తపస్సు అనేది ఆవిడ. మరి రుచి ఎలా తెలుస్తుంది? ముక్కుతో. గరిటె పట్టుకున్న పెద్దమనిషి గిన్నె మీదకి వంగి, కళ్ళు మూసుకుని, ఒక్కసారి గట్టిగా పీల్చి "ఊఁ" అంటుంది. ఆ "ఊఁ" వినబడ్డాకే వడ్డన. వినబడకపోతే మరో చిటికెడు ఉప్పో, మరో రెండు ఆకులో. సాసులో ఉప్పు సరిపోయిన క్షణాన ఆవిరి వాసన మారుతుంది. నమ్మకపోతే నీ ఇష్టం.

రెండేళ్ళ కిందట, మూడో శుక్రవారం, కారం రెండుసార్లు పడింది. ఎలా పడిందని అడగకు. పడింది. మీ తాతయ్య అక్క యూలలీ నా పక్కనే నిలబడి ఉల్లిపాయలు తరుగుతోంది, తరుగుతోందంటే వణికే చేతులతో వాటిని భయపెడుతోంది. ఉన్నట్టుండి ముక్కు పట్టుకుని వెనక్కి గెంతింది.

"ఏమే లెయోంటీన్! ఇది సాసా, శిక్షా?"

"నీకు ఘాటు పడదు వదినా. నువ్వు పుట్టడమే చప్పగా పుట్టావు," అన్నాను.

"నేను చప్పనేలే. ఇది తిని నూట యాభై మంది ఈస్టరు రాకుండానే స్వర్గానికి పోతారు. జరుగు!"

అంటూనే కాఫీ బల్ల మీదున్న మీగడ డబ్బాలు రెండూ తెచ్చి, నన్నడగకుండా, గిన్నెలోకి గుమ్మరించింది. ఎర్రగా ఉన్న సాసు మునిమాపు ఆకాశంలా అయింది. నాకు కోపం వచ్చినా ఏం లాభం? జనం వరుసలో నిలబడి ఉన్నారు. తిన్నవాళ్ళంతా వచ్చి నా చేతులు పట్టుకున్నారు. "ఇదేం కొత్త సాసు?" అంటే, "పాతదే, బయటికి తియ్యలేదు," అనేశాను. అబద్ధమే. అప్పటినుంచీ జనం మీగడే అడుగుతున్నారు. నైజీరియా నుంచి వచ్చిన మన ఫాదర్ ఒక్కరే పెదవి విరిచారు. మీగడ పొయ్యకముందు గిన్నె అంచుకి అంటుకున్నది ఆయన నాకి చూశారట. "ఈ దేశం వచ్చాక మొదటిసారి అన్నం తిన్నట్టనిపించింది, దాన్ని ఎందుకు పాడుచేశారు?" అని అడిగారు.

చేప సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను, ఫోనులో అయితే మధ్యలో దూరతావు. ముక్కని గుడ్డతో అద్ది అద్ది పొడిగా చెయ్యి. పెనం పొగ రాబోతున్నప్పుడు చర్మం వైపు కిందికి వెయ్యి, మూడు లెక్కపెట్టేదాకా వేళ్ళతో అదిమి పట్టు, లేకపోతే ముడుచుకుంటుంది. ఆ తర్వాత దాన్ని చూడకు. విను. మొదట వానలా గోల చేస్తుంది. నీరంతా పోయాక ఆ గోల తగ్గి, సన్నగా, పొడిగా, ఎవరో కాగితం నలుపుతున్నట్టు వినబడుతుంది. అప్పుడు తిప్పు. అంతకుముందు తిప్పితే చర్మం పెనానికే ఉండిపోతుంది. సాసు చేప మీద పొయ్యకు, పక్కన పొయ్యి. అంత కష్టపడి కరకరలాడించి, మళ్ళీ తడపడం ఎందుకు?

ఇక హోటలు తెరిచే రోజు నేను రావాలని, గిన్నె మీదకి వంగి "ఊఁ" అనాలని రాశావు. నా మోకాళ్ళు ఒప్పుకోవు తల్లీ. బస్సులో నాలుగు గంటలు. నువ్వే అనుకో "ఊఁ" అని. నీ ముక్కు మంచిదే, నాదే వచ్చింది నీకు.

దిద్దిన మెనూ దీంతో పంపుతున్నాను. ఎర్ర సిరా వాడినందుకు బాధపడకు, ఇంట్లో అదే ఉంది.

ముద్దులతో,
నీ అమ్మమ్మ
లెయోంటీన్


పోర్ట్ సిప్రే,
తపస్సుకాలం ఐదో శనివారం

నా బంగారు నోయెమీకి,

నీ హోటల్ని చూసి నేను సిగ్గుపడుతున్నానని రాశావు. పెద్ద చదువు మానేసి పొయ్యి ముందు నిలబడినందుకు నీ మీద నాకింకా కోపం పోలేదని, మోకాళ్ళు సాకు మాత్రమేనని రాశావు. రెండో మాట నిజం. మోకాళ్ళు సాకే. మొదటి మాట ఎంత తప్పో చెప్పాలంటే, రెండేళ్ళుగా నేను ఎవరికీ చెప్పనిది నీకు చెప్పాలి. కుర్చీలో కూర్చుని చదువు.

నాకు వాసన తెలియదు.

రెండేళ్ళ కిందట చలికాలంలో నాకు జ్వరం వచ్చింది గుర్తుందా? పదిహేను రోజులు మంచంలో ఉన్నాను. జ్వరం పోతూ పోతూ నా ముక్కుని పట్టుకుపోయింది. మొదట్లో జలుబనుకున్నాను. ఒక పొద్దున కాఫీ కలుపుకుని గుక్క తాగితే వేడి నీళ్ళు. పొడి వెయ్యడం మరిచానేమోనని చూశాను, నల్లగానే ఉంది. అప్పుడు ఇల్లంతా తిరిగాను నోయెమీ. సబ్బు వాసన చూశాను. మీ తాతయ్య కోటు ఇంకా బీరువాలోనే ఉంది, దాని మెడ దగ్గర ముఖం పెట్టి పీల్చాను. ఆయన పోయాక ఏడేళ్ళుగా ఎప్పుడు కావాలంటే అప్పుడు ఆ బీరువా తలుపు తీసి ఆయన దగ్గరికి వెళ్ళొచ్చేదాన్ని. పొగాకు, నారింజ తొక్క, కాస్త పడవ నూనె. ఆ పొద్దున అది ఉత్త ఉన్ని. అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. ఎంతసేపో తెలియదు.

డాక్టరు దగ్గరికి వెళ్ళాను. "కొందరికి వస్తుంది, కొందరికి రాదు, చూద్దాం," అన్నాడు. చూస్తూనే ఉన్నాం. ఉప్పు నాలిక మీద పెడితే ఉప్పని తెలుస్తుంది, కారం మండుతుంది, నిమ్మ పులుస్తుంది. మిగతాదంతా తడి అట్టముక్క.

ఇప్పుడు ఆలోచించు. ముక్కుతో వండే వంటగది. నోట్లో ఏమీ పెట్టకూడని శుక్రవారం. దానికి పెద్ద నేను. ఆ మూడో శుక్రవారం కారం వేశానో లేదో గుర్తులేక గిన్నె మీదకి వంగి పీల్చాను. ఏమీ లేదు. వెయ్యలేదనుకుని మళ్ళీ వేశాను. కారం రెండుసార్లు పడింది అలా. ఆనాడే చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. యూలలీ మీగడ పోసింది, జనం మెచ్చుకున్నారు, నాకు దారి దొరికింది. అప్పటినుంచీ అన్నింటిలో మీగడే. కొలతలు కాగితం మీద రాసి రొంటిన పెట్టుకుంటాను. ఆ తర్వాత గిన్నె మీదకి వంగి, కళ్ళు మూసుకుని, ఆవిరి పీల్చి "ఊఁ" అంటాను. అందరూ కదులుతారు, వడ్డన మొదలవుతుంది. రెండేళ్ళ "ఊఁ"లు అన్నీ అబద్ధాలు. నిన్ను బడిలో కాపీ కొట్టినందుకు గోడకుర్చీ వేయించిన అమ్మమ్మ ఈ అమ్మమ్మే.

చేపని వినమని నీకు గొప్పగా పాఠం చెప్పాను కదా. అది మా అత్తగారు నేర్పింది కాదు. ముక్కు పోయాక నాకు నేను నేర్చుకున్నది. మిగిలింది అదొక్కటే.

అందుకని నీ హోటలుకి రాలేను. నీ జీవితంలో మొదటి గిన్నె మీదకి వంగి నీకు అబద్ధం "ఊఁ" అనలేను. ఊరికి అనగలిగాను, నీకు అనలేను. నీ మీద సిగ్గు కాదే పిచ్చిదానా. నా మీద నాకు.

ఒక నిర్ణయానికి వచ్చాను. ఏసు సిలువెక్కిన పెద్ద శుక్రవారం నాడు, వడ్డనకి ముందు, వంటగదిలో అందరి ముందూ నిజం చెప్పి గరిటె దింపేస్తాను. రెండు వందల మంది భోజనం, అన్నింటికంటే పెద్ద రోజు, దింపడానికి తగిన రోజు. అందులో నాకు బాధ లేదు. అంటే ఉంది, కానీ మింగగలను. మింగలేనిది వేరే ఉంది. నేను దిగిపోతే మిగిలినవాళ్ళలో పెద్ద యూలలీ. పద్ధతి ప్రకారం గరిటె ఆవిడకి వెళ్ళాలి. ఆవిడ సంగతి నాకు తెలిసిపోయింది.

నిన్న సాయంత్రం నేను చేపల పెనాల దగ్గర ఉన్నాను. నాలుగు పెనాలు ఒకేసారి వినాలి కాబట్టి ఆ అరగంట వెనక్కి తిరగను. నిన్న మాత్రం ఎందుకో తిరిగాను. యూలలీ సాసు గిన్నెలోంచి చిన్న కప్పుడు తీసుకుని, కొంగులాంటి ఆ పెద్ద ఏప్రన్ కింద దాచుకుని, సామాన్ల గదిలోకి పోయి తలుపు వేసుకుంది. రెండు నిమిషాల తర్వాత వచ్చింది. పెదవి పక్కన సాసు చుక్క! నేను అడగలేదు. గత శుక్రవారం కూడా ఆ తలుపు అలాగే మూసుకోవడం అప్పుడు గుర్తొచ్చింది. అంతకుముందు వారం కూడా.

అరవై ఏళ్ళుగా ఈ మనిషి తన ఉపవాసం గురించి చెప్పని రోజు లేదు. నాకు నెలలు నిండి ఉండగా ఒక శుక్రవారం రొట్టెముక్క తిన్నానని, వాళ్ళమ్మకి చెప్పి నన్ను దోషిలా నిలబెట్టిన మనిషి. మీ తాతయ్య ఆల్సీడ్ అంత్యక్రియల నాడు కూడా, శుక్రవారం కాబట్టి, అందరి ముందూ మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని నిలబడింది. ఆ మనిషి తలుపు చాటున, వాళ్ళమ్మ వంటగదిలో, నేను వండింది దొంగతనంగా తింటోంది. నేను ముక్కు లేక అబద్ధమాడాను. ఈవిడకి ఏం లేక?

కాబట్టి పెద్ద శుక్రవారం నాడు నా తప్పు చెప్పే ముందు ఆవిణ్ణి తలుపు తీసి పట్టుకుంటాను. గరిటె ఇద్దరికీ వద్దు. ఇంకెవరైనా చిన్నవాళ్ళు తీసుకోనీ.

నన్ను చెడ్డదాన్ననుకుంటావేమో. కాస్త ఉన్నాను. మీ అమ్మకి ఈ ఉత్తరం చూపించకు.

నీ కోపం తగ్గితే ఒక్క ముక్క రాయి.

నీ
అబద్ధాల అమ్మమ్మ


పోర్ట్ సిప్రే,
ఈస్టరు ముందటి శనివారం

నా తల్లి నోయెమీకి,

నీ ఉత్తరం గురువారం అందింది. "వాసన లేకపోతే ఏం, నువ్వు రా, ఊరికే నా పక్కన నిలబడు" అన్న ఆ ఒక్క వాక్యం మడిచి, కొలతల కాగితంతో పాటు రొంటిన పెట్టుకుని నిన్న వంటగదికి వెళ్ళాను. ఇక జరిగింది విను. పోయిన ఉత్తరంలో నేను రాసినదాన్ని నేనే దిద్దుకోవాలి, అదీ ఎర్ర సిరాతోనే.

నిన్న మూడింటికి సిలువమార్గం ప్రార్థన అయింది. అయిదింటికి వడ్డన. సాసు గిన్నె సిద్ధమైంది, చేప ముక్కలు తడి లేకుండా అద్ది వరసగా పేర్చాం. నేను పెనాల వైపు తిరిగినట్టు నటించి, మెడ వెనక కళ్ళు పెట్టుకున్నాను. యూలలీ కప్పు తీసింది, ఏప్రన్ కింద పెట్టింది, సామాన్ల గదిలోకి దూరింది. ఇరవై లెక్కపెట్టి, వెళ్ళి తలుపు లాగాను.

నోట్లో చెంచా ఉంది. వణికే చేత్తో కప్పు గుండెకి ఆనించి పట్టుకుని నిలబడి ఉంది.

"అరవై ఏళ్ళ ఉపవాసం ఎలా ఉంది వదినా? రుచిగా ఉందా?" అన్నాను. ఈ మాటని వారం రోజులు సానపట్టాను నోయెమీ.

ఆవిడ కంగారు పడలేదు. చెంచా తీయలేదు కూడా. పైకప్పు వైపు చూస్తూ కాసేపు చప్పరించి, మింగి, అంది:

"ఉప్పు తక్కువ."

"ఏమిటీ?"

"ఉప్పు తక్కువ, థైమ్ ఎక్కువ. ఇవాళ నీ చెయ్యి బాలేదు. గుమ్మానికి అడ్డం నిలబడకు, అవతల సాసు పొయ్యి మీద ఉంది." ఏప్రన్ జేబులో చెయ్యి పెట్టి తీసింది. పిడికెడు ఉప్పు.

నేను కదల్లేదు. కదల్లేకపోయాను, ఎందుకంటే అప్పుడే తలుపు లోపలి వైపు చూశాను. కింద నుంచి భుజాల ఎత్తుదాకా పెన్సిలు రాతలు. వణికిన అక్షరాలు, కోడి కెలికినట్టు. శుక్రవారానికో వరుస. "మొదటి శుక్రవారం: ఉప్పు లేదు. రెండో శుక్రవారం: కారం చాలదు, నిమ్మకాయ పిండాను. మూడో శుక్రవారం: పిండి పచ్చివాసన, అందర్నీ మాటల్లో పెట్టి పది నిమిషాలు ఎక్కువ ఉడికించాను." అలా రెండేళ్ళ శుక్రవారాలు. ఒక్క చోట మాత్రం, నిరుడు ఐదో శుక్రవారం: "బానే ఉంది. ఏమీ చెయ్యలేదు."

పెళ్ళయి అరవై ఏళ్ళు. ఆవిడ నోటినుంచి ఆ రెండు ముక్కలు నేనెప్పుడూ వినలేదు. నాకు చెప్పలేదు, తలుపుకి చెప్పింది.

"నీకు ఎప్పటినుంచి తెలుసు?" అన్నాను.

"నీ పక్కనే పెనం పట్టుకునే గుడ్డ కాలుతుంటే, నువ్వు హాయిగా కూనిరాగం తీస్తున్నావు చూడు, ఆ రోజునుంచి. కారం రెండుసార్లు వేసిన రోజు. గుడ్డని నేనే తొట్టిలో ముంచాను. నువ్వు చూడను కూడా లేదు."

"మరి చెప్పలేదేం?"

"నువ్వు చెబుతావేమోనని చూశాను. నీకా నోరు పెద్దది గానీ, కావలసిన మాట ఒక్కటీ రాదు దాంట్లోంచి."

"ఉపవాసం భంగమైంది కదా వదినా. మీ అమ్మ నియమం."

అక్కడ ఆవిడ గొంతు కాస్త తగ్గింది. "అయింది. ప్రతి శుక్రవారం తింటున్నాను, ప్రతి శనివారం చర్చికి పోయి పాపం ఒప్పుకుంటున్నాను. మొదటిసారి ఫాదర్ అడిగారు, ఎన్ని చెంచాలు తిన్నావు అని. ఒకటే ఫాదర్ అన్నాను. ఒక్క చెంచాకి ఉప్పెలా తెలుస్తుందమ్మా, రెండు తిను అన్నారు. ఆయన నవ్వారు. నాకు నవ్వు రాలేదు. మా అమ్మకి పైన ఏం చెప్పుకోవాలో ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాను."

ఆవిడకి ఆ ఉపవాసం అంటే ఏమిటో నీకు తెలియదు తల్లీ. పిల్లలు లేరు, మొగుడు నిలవలేదు. నేను గొప్పలనుకున్నవి గొప్పలు కావు. ఆవిడకంటూ ఉన్నది అదొక్కటే. దాన్ని తీసి, రెండేళ్ళుగా, నా సాసు గిన్నెలో వేస్తోంది.

"ఎందుకు చేశావు?" అన్నాను. నా గొంతు నాకే నచ్చలేదు.

"రెండు వందల మంది తినాలి కదా మరి." నా వైపు చూడకుండా, కప్పు తుడుస్తూ అంది: "ఆల్సీడ్ పోయాక నీకు ఈ గరిటె తప్ప ఏం మిగిలిందే? ఉన్న ఒక్కదాన్నీ లాక్కోమంటావా? తీసుకుని నేనేం చేసుకోను? నా చేతులు చూశావుగా. చేప తిప్పబోతే ఫాదర్ నెత్తిమీద పడుతుంది. గరిటె నాకిస్తే వీపు గోక్కోవడానికే."

నాకు కళ్ళు నిండాయి. ఆవిడ చూసింది.

"ఇక్కడ ఏడవకు. నీ ఏడుపులో ఉప్పు ఎంతుందో నీకు తెలియదు, మళ్ళీ నేనే చూడాలి."

ఇద్దరం బయటికి వచ్చాం. అనుకున్నది అనుకున్నట్టే చేశాను. వంటగదిలో ఉన్న ఆరుగురినీ పిలిచి, పొయ్యికి వీపు పెట్టి నిలబడి, గరిటె రెండు చేతులా పట్టుకుని, బడిలో ఉపన్యాసం ఇచ్చినట్టు మొదలుపెట్టాను. "రెండేళ్ళుగా మీ అందరికీ ఒక సంగతి దాచాను. నాకు వాసన..." అనేలోపు ఆరుగురూ ఒక్కసారిగా నా మీదకి దూకారు. నా వెనక రెండో పొయ్యి మీద కాప్సికం మాడి బొగ్గవుతోంది. నాకు తప్ప హాల్లో కూర్చున్నవాళ్ళందరికీ తెలుస్తోంది. పొగలో దగ్గుతూ, కిటికీలు తీస్తూ, ఒకామె అంది, "పెద్దమ్మా, మిగతా సగం చెప్పక్కర్లేదులెండి. అర్థమైంది." ఇక నవ్వులే నవ్వులు. నేనూ నవ్వాను. నవ్వు మధ్యలో ఏడ్చాను కూడా, ఎవరూ లెక్కపెట్టలేదు.

గరిటె దింపబోయాను. యూలలీ దింపనివ్వలేదు. అప్పుడు, ఇరవై ఆరేళ్ళ పెద్దరికంతో, మా అత్తగారి నియమానికి ఒక్క సవరణ చేశాను. ఇకనుంచి వంటగదిలో ఒకరు అందరి కోసం రుచి చూడాలి. తలుపు చాటున కాదు, గిన్నె పక్కనే నిలబడి. దానికి బదులుగా మిగిలిన ఏడుగురం వాళ్ళ ఉపవాసాన్ని పంచుకుని, శనివారం కూడా మధ్యాహ్నందాకా పస్తుంటాం. ఫాదర్ని అడిగాం, సరేనన్నారు, కారం కూడా పెంచమన్నారు. ఆవిడకి చెబితే ఏమంది తెలుసా? "ఇన్నాళ్ళూ దొంగతనంగా తిన్నాను కాబట్టి ఎలాగో గొంతు దిగింది. ఇప్పుడు అనుమతితో నీ వంట తినాలంటే కష్టమే."

వడ్డనకి ముందు నేను చేపల పెనాల మీదకి వంగి, చెవి పెట్టి, కాగితం నలిగే చప్పుడు వినబడ్డాక "ఊఁ" అన్నాను. అది నిజం "ఊఁ". ఆవిడ సాసు గిన్నె పక్కన, అందరూ చూస్తుండగా, చెంచా నోట్లో పెట్టుకుంది. చెయ్యి వణికి సగం గడ్డం మీద పడింది. మిగిలిన సగం చప్పరించి, నన్ను ఒక క్షణం కావాలనే నిలబెట్టి, అప్పుడంది "ఊఁ" అని.

కాబట్టి నీ హోటలు తెరిచే రోజుకి వస్తున్నాను. ఒక్కదాన్ని కాదు, ఇద్దరం. చేపకి నేను, సాసుకి ఆవిడ. ఇద్దర్నీ కలిపితే ఒక వంటమనిషి అవుతుంది, నోళ్ళు మాత్రం ముగ్గురు మనుషులకి సరిపోతాయి, నీ వంటవాళ్ళని ముందే హెచ్చరించు. మీగడ ఉంచు. మెనూలో "నూరేళ్ళ" కొట్టేసి "రెండేళ్ళ" అని వెయ్యి. ఎవరిదని రాయాలో నేను చెప్పను. మొదట పోసింది ఎవరో నీకు తెలుసు.

మీ తాతయ్య కోటు ఇవాళ పొద్దున బయటికి తీశాను. యూలలీని పిలిచి దాని మెడ దగ్గర వాసన చూడమన్నాను. ఆవిడ చాలాసేపు ముఖం అందులోనే పెట్టుకుంది. "ఏముంది వదినా?" అంటే, "పొగాకు. నారింజ తొక్క. వెధవ, పడవ నూనె ఇంకా వదల్లేదు," అంది. ఉన్నట్టే. నాకది చాలు.

నీ
అమ్మమ్మ లెయోంటీన్

మరిచాను, ఒక పని. మేము వచ్చేలోగా మీ వీధిలో గిన్నెల కొట్టుకి వెళ్ళి రుచి చూసే చెంచా ఒకటి కొను. స్టీలుది, తల చిన్నది, పిడి మాత్రం లావుగా, బరువుగా ఉండాలి, వణికే చేతిలో జారకుండా. కొట్లోనే నీ చెయ్యి వణికించి పట్టుకుని చూడు, ఎవరేమనుకుంటే నీకేం. నిలిస్తేనే తీసుకో. ఒకసారి వేడినీళ్ళలో మరిగించి, శుభ్రమైన గుడ్డలో చుట్టి, సాసు గిన్నె పక్కన పెట్టు. నేను చెప్పానని చెప్పకు. బస్సు శుక్రవారం రెండింటికి వస్తుంది, యూలలీకి ముందు సీటు లేకపోతే కడుపులో తిప్పుతుంది, కాబట్టి కారులో ముందు సీటు ఖాళీగా ఉంచు.